జత బేరం

పదకొండో భాగం

2000 ఫిబ్రవరి 17, గురువారం, ఉదయం పదీ నలభై. తిరుపతిలో ఆ రోజుకు మూడో మోటారు సైకిళ్ళ షోరూం మెట్లు ఎక్కాడు ఇమ్మానుయేల్. వెనకే అతని మామ రాజారత్నం వచ్చి చెప్పులు బయట విడిచాడు. విడవమని ఎవరూ చెప్పలేదు. గచ్చులో తన నీడ కనబడేసరికి ఆయనే విడిచాడు.

ముందు రోజు జరిగింది ఇదీ. ఇమ్మానుయేల్ పుత్తూరు బస్సు డిపోలో మెకానిక్కు. భార్య ఎస్తేరు పది కిలోమీటర్ల అవతల ఒక పల్లె ఆరోగ్య సబ్‌సెంటరులో నర్సు. ఆ దోవన బస్సు రోజుకు మూడు సార్లే. డిసెంబరులో ఆమె సూపర్‌వైజరు జయచంద్ర కొత్త బండి కొన్నాడు. అప్పట్నుంచి పొద్దున్నే ఇంటి ముందు హారను మోగడం, ఎస్తేరు వెళ్ళి వెనక కూర్చోవడం రివాజైంది. బుధవారం కూడా ఏడింటికి హారను మోగింది. ఇమ్మానుయేల్ గడప మీద నిలబడి, "ఈ పొద్దు వాని బండెక్కినావంటే మళ్ళా ఈ గడప తొక్కబాకు" అన్నాడు. ఎదురింటి యశోదమ్మ ముగ్గు చిప్ప పట్టుకుని వంగినది వంగినట్టే ఆగిపోయింది. ఎస్తేరు జయచంద్రను పొమ్మని చెయ్యి ఊపింది. బస్టాండుకు నడిచి వెళ్ళింది. సాయంత్రం ఎప్పటి వేళకే వచ్చింది. వండింది, వడ్డించింది, కూతురు మహిత పక్కన పడుకుంది.

గురువారం తెల్లవారి ఇమ్మానుయేల్ డిపోకు సెలవు పెట్టి, మొదటి బస్సుకు మామ ఊరికి పోయి, ఆయన్ను వెంటబెట్టుకుని తిరుపతి వచ్చాడు. చొక్కా లోపలి జేబులో డిపో సొసైటీ లోను కాగితం ఉంది. సాయంత్రానికి సొంత బండి మీద ఇంటికి పోవాలి. ఆ బండి జయచంద్ర కొన్న ధర కంటే ఒక్క రూపాయైనా తక్కువకు రావాలి. బండి ఎస్తేరు కోసం. ఆ ఒక్క రూపాయి మాత్రం తన కోసం.

రూపాయి సంగతి డిపో ఎదురుగా టీ అంగట్లో మొదలైంది. కిందటి నెల జయచంద్ర అక్కడ బండి ఆపి, సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కండక్టరు ఒకతను ఎంతకిచ్చారని అడిగాడు.

"అది మాత్రం అడగబాకండప్పా. సెప్పనని మాటిచ్చినా. ఆ ధరకు జిల్లాలో ఇంకొకనికి ఇచ్చినారంటే నా బండి తాళాలు వానికే ఇచ్చేస్తా" అన్నాడు జయచంద్ర. ఆ తర్వాత బల్ల చివర కూర్చున్న ఇమ్మానుయేల్‌ను చూశాడు. "ఏమన్నా, నువ్వెప్పుడు కొంటావు? నీకెందుకులే, నీ సేతికింద డెబ్బై బస్సులుండాయి."

అందరూ నవ్వారు. ఇమ్మానుయేల్ కూడా నవ్వాడు. టీ సగం మిగిల్చి లేచాడు.

జయచంద్రకు ముప్పై ఒకటి. నారాయణవనం పక్క పన్నెండెకరాల మామిడి తోపు ఉంది. పెళ్ళి కాలేదు. కానీ అతని బండికి వెనక చక్రం పక్కన చీర గార్డు ఉంది. ఆడమనిషి పక్కకు తిరిగి కూర్చుంటే చీర చక్రంలో పడకుండా కట్టే ఇనుప చట్రం అది. పెళ్ళికాని మగవాడి బండికి అదెందుకన్న ప్రశ్న ఇమ్మానుయేల్‌కు డిసెంబరులోనే వచ్చింది. ఎవరినీ అడగలేదు. అడగని ప్రశ్న అన్నం దగ్గరా, పడక దగ్గరా అతనితోనే ఉంది.

ఫిబ్రవరి మొదటి వారంలో పుత్తూరు రైల్వే గేటు పడింది. చెడిపోయిన బస్సు దగ్గరికి డిపో జీపులో పోతూ ఇమ్మానుయేల్ గేటుకు ఈవల ఆగాడు. ఆవలి వరసలో ముందున్నది జయచంద్ర బండి. ఎస్తేరు దిగి పక్కన నిలబడి ఉంది. మధ్యలో గూడ్సు వచ్చింది. పెట్టెల సందుల్లోంచి వాళ్ళిద్దరూ కనబడుతూ పోతూ ఉన్నారు. గేటు పద్నాలుగు నిమిషాల తర్వాత లేచింది. అంతలో ఎస్తేరు రెండు సార్లు నవ్వింది. ఇంట్లో ఆమె చివరిసారి ఎప్పుడు నవ్విందో గుర్తు చేసుకోబోతే ఇమ్మానుయేల్‌కు తేదీ దొరకలేదు.

మామను తీసుకురావడానికి కారణం ఉంది. రాజారత్నం నలభై ఏళ్ళు పశువుల సంతల్లో దళారి. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు తగ్గాక ఇంటిపట్టున ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళు. భుజం మీద తువ్వాల మాత్రం దిగలేదు. ఆయన దించిన ధరను ఇంకొకరు దించలేరని పేరు.

పొద్దున రేణిగుంట రోడ్డు షోరూంలో ఆయన బండి చుట్టూ రెండు సార్లు తిరిగాడు. పెట్రోలు ట్యాంకు మీద తట్టాడు. వెనక చక్రం దగ్గర కూర్చుని లేచాడు.

"కొమ్ములుండాయి. వయసుకు పండ్లు సూద్దామంటే నోరే లేదే దీనికి" అన్నాడు.

టై కట్టుకున్న కుర్రవాడు కాలిక్యులేటరు తిప్పి చూపించాడు. అన్ని పన్నులూ కలిపి నలభై నాలుగు వేల రెండు వందలు. ఫిక్సెడ్ రేటు. హెల్మెట్ ఉచితం.

"హెల్మెట్ వద్దు నాయనా, దాని ధర తగ్గించు" అన్నాడు రాజారత్నం.

"అట్లా కుదరదు తాతా. పైనుంచి ఆర్డరు."

"పైన ఉండేది యెహోవా. ఆయన ధరలు సెప్పడు." ఆయన లేచాడు.

తిరుచానూరు రోడ్డులో రెండో షోరూం ఐదు వందలు తగ్గించింది. లేవబోతుంటే ఇంకో కాగితం వచ్చింది. సీటు కవరు, కాళ్ళ కింద రబ్బరు, ముందు గార్డు, చీర గార్డు. అవి లేకుండా బండి ఇవ్వరు. పదకొండు వందల యాభై.

"సూసినావా అల్లుడా" అన్నాడు రాజారత్నం మెట్లు దిగుతూ. "ఎద్దును తక్కువకిచ్చి మెడలో గంటకు ఎక్కువ గుంజే రకం వీడు. కాళాస్తి సంతలో ఇట్లాంటోళ్ళను ముగ్గుర్ని సూసినా."

మూడోది జయచంద్ర బండి కొన్న షోరూం. అతని బండి వెనక మడ్‌గార్డు మీద అంటించిన చీటీ చూసి ఇమ్మానుయేల్ ఆ షోరూం పేరు కంఠస్థం చేసుకున్నాడు. చివరికి ఉంచుకున్నాడు. మామకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

యజమాని సుబ్రమణ్యం నగరి మనిషి. నుదుట విభూతి, ముందు అద్దం బల్ల, పక్కన ఫైళ్ళు చూసుకునే జ్ఞానాంబ.

"రాండి, రాండి. పెద్దాయనా, సెప్పులెందుకు ఇడిసినారు, ఇదేమన్నా గుడా?"

"రూపాయి తిరిగే సోటు గదా సామీ" అన్నాడు రాజారత్నం. కూర్చున్నాడు. ఎర్ర బండిని ఒకసారి, నల్ల బండిని ఒకసారి చూశాడు. "నల్లది మాకు. ఒకటి సెప్తా, తప్పనుకోబాకండి. నాకు నోటితో బేరం రాదు."

భుజం మీది తువ్వాల తీసి అద్దం బల్ల మీద పరిచాడు.

సుబ్రమణ్యం తువ్వాల వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మా నాయన ఎద్దులమ్మేవాడు. ఈ లెక్క నాకూ వస్తాది. సెరి, పట్టండి" అన్నాడు.

ఆ సంతల్లో ధర నోటితో చెప్పరు. దళారి తువ్వాల కింద ముందు అమ్మేవాని చెయ్యి పట్టుకుంటాడు. వేళ్ళ మీద నొక్కి వెయ్యి, అయిదు వందలు, వంద తెలుసుకుంటాడు. తర్వాత కొనేవాని చెయ్యి పట్టుకుని ఆ ధర అతని వేళ్ళ మీద నొక్కుతాడు. అతను తన ధర తిరిగి నొక్కుతాడు. చుట్టూ వందమంది ఉన్నా ధర ముగ్గురికే తెలుస్తుంది. చేతులు బేరమాడుతున్నంతసేపూ నోళ్ళు ఇంకేదైనా మాట్లాడాలి. వానలు, పెళ్ళిళ్ళు, ఏదైనా. అదీ పద్ధతే. కొనేవాడు పిడికిలి మూస్తే ఒప్పుకున్నట్టు. దళారి తువ్వాల తీసి దులుపుతాడు. దులిపిన తువ్వాల ఆ బేరానికి మళ్ళీ పరవడు.

పొద్దున బస్సులో రాజారత్నం ఈ లెక్కంతా అల్లుడికి నేర్పాడు. పెళ్ళైన పదేళ్ళలో ఇమ్మానుయేల్ మామ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

మొదటి విడత సుబ్రమణ్యం నలభై నాలుగు వేలు నొక్కాడు. ఇమ్మానుయేల్ నలభై ఒకటి నొక్కాడు. నోళ్ళు మామిడి పూత గురించి మాట్లాడాయి. రెండో విడత సుబ్రమణ్యం నలభై మూడున్నరకు దిగాడు. రాజారత్నం చెయ్యి తువ్వాల కింద అల్లుడి వైపు జరిగింది.

"తమాషా ఏందంటే పెద్దాయనా" అన్నాడు సుబ్రమణ్యం, పద్ధతి ప్రకారం మాట మారుస్తూ. "ఈ బల్ల మీద తువ్వాల పరవడం ఇది రెండో తూరి. మొన్న డిసెంబరులో ఒక నర్సమ్మ పరిచింది."

రాజారత్నం వేళ్ళు ఆగాయి.

"నర్సమ్మా?" అన్నాడు.

"నర్సమ్మే. బ్యాగులోంచి తెల్ల తువ్వాల తీసింది. ఆడమనిషి దళారీ చెయ్యడం నేను పుట్టి బుద్ధెరిగి సూడలా. బండి ఆ సారుకు. పుత్తూరు పక్క మామిడి తోపులాయన. ముందు నా చెయ్యి పట్టింది, తర్వాత ఆయన చెయ్యి పట్టింది. ఆయనకేమో వేళ్ళ లెక్క తెలీదు. ఆయమ్మే ఒక్కో వేలు మడిచి, ఇది వెయ్యి సార్, ఇది వంద సార్ అని నేర్పించింది. పదైదు నిమిషాలు పట్టింది. లోపలికి వచ్చినప్పుడు నేను మొగుడూ పెండ్లామేమో అనుకున్యా."

తువ్వాల కింద రాజారత్నం నలభై మూడున్నర నొక్కుతున్నాడు. ఆయన చేతిలో ఉన్న ఇమ్మానుయేల్ చెయ్యి ఒక్కసారిగా మూసుకుంది. నాలుగు వేళ్ళూ, వాటి మీద బొటనవేలూ. గోళ్ళు అరచేతిలో దిగాయి.

రాజారత్నం అల్లుడి మొహం వైపు చూడలేదు. దళారి మొహాలు చూడడు. మూసిన పిడికిలిని ఒక క్షణం పట్టుకుని చూశాడు. తువ్వాల తీసి దులిపాడు. భుజం మీద వేసుకున్నాడు.

"ముగిసింది సామీ. నలభై మూడున్నర" అన్నాడు.

"సంతోషం" అన్నాడు సుబ్రమణ్యం.

ఇమ్మానుయేల్ లేచి నిలబడ్డాడు. "ఏం ముగిసింది? నేను ఒప్పుకోలే."

"పిడికిలి మూసినావు గదా అల్లుడా."

"ధరకు మూయలేదు మామా!"

"తువ్వాల కింద మూసేది ఇంక దేనికి మూస్తారు?"

ఇమ్మానుయేల్ సుబ్రమణ్యం వైపు తిరిగాడు. "ఆ నర్సమ్మ పేరేంది?"

"ఎస్తేరమ్మ."

రాజారత్నం తువ్వాల కొస పట్టుకుని కూర్చున్నాడు. "వేళ్ళ లెక్క తెలిసిన ఆడబిడ్డ ఈ జిల్లాలో ఒకతే ఉండాది" అన్నాడు మెల్లగా. "ఎనిమిదేండ్లప్పుడు నా వెంట సంతకొచ్చి నేర్చుకునింది."

"ఏ రోజు జరిగిందిది?" అన్నాడు ఇమ్మానుయేల్.

సుబ్రమణ్యం జ్ఞానాంబ వైపు చూశాడు. ఆమె గోడకున్న పాత కాలెండరు మీద గుర్తు చూసి చెప్పింది. "డిసెంబరు తొమ్మిది సార్. గురువారం. సాయంత్రం."

డిసెంబరు తొమ్మిది మహిత పుట్టినరోజు. ఆ రోజు ఎస్తేరు చిత్తూరులో ట్రైనింగు అని చెప్పి వెళ్ళింది. ఇమ్మానుయేల్ కేకు తెచ్చి మూత తీయకుండా ఉంచాడు. మహిత ఎనిమిదిన్నరకు నిద్రపోయింది. ఎస్తేరు తొమ్మిదికి వచ్చింది. ట్రైనింగు ఆలస్యమైందని చెప్పింది. కేకు మర్నాడు పొద్దున కోశారు.

"సూసినావా మామా" అన్నాడు ఇమ్మానుయేల్. గొంతు లేచింది. బండ్లు చూస్తున్న ఇద్దరు ఇటు తిరిగారు. "బిడ్డ పుట్టినరోజు. నేను వాకిట్లో కూసోని ఉండా. నీ కూతురు ఈడ ఆ నాయాలి వేళ్ళు పట్టుకొని లెక్క నేర్పిస్తా ఉండాది. పదైదు నిమిషాలు! ఈ విద్య నేర్పింది నువ్వే గదా."

"నేనే."

"సిగ్గు లేదా సెప్పను?"

రాజారత్నం కుర్చీలోంచి లేవలేదు. "సంతలో దళారి పట్టుకునేది చెయ్యి కాదు అల్లుడా, ధర. నలభై ఏండ్లు ఎన్ని వేల చేతులు పట్టినానో. ఒక్కని మొహం గుర్తు లేదు."

"నువ్వు మగోడివి."

"అదా నీ బాధ. అది బస్సులోనే సెప్పింటే నేను వచ్చేవాణ్ణి కాదు గదా. నేను బండికి వచ్చినా. నువ్వు యాడికి వచ్చినావో నాకు తెలీదు."

సుబ్రమణ్యం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. విషయం సగం అర్థమైంది. నాలుక కరుచుకున్నాడు. "కూసోండి సార్. టీ చెప్తా" అన్నాడు.

"టీ వద్దు. ఆ తోపులాయనకు ఎంతకిచ్చినారో సెప్పండి. అంతకన్నా ఒక్క రూపాయి తక్కువకు నాకియ్యండి. ఇస్తే కొంటా, లేకుంటే ఈ పిడికిలీ లేదు, ఈ తువ్వాలా లేదు."

"తువ్వాల కింది ధర చెప్పకూడదని మీకు తెలీదా పెద్దాయనా" అన్నాడు సుబ్రమణ్యం, రాజారత్నంతో.

"తెలుసు."

"అయినా సార్, ఆ ధర మీకు రాదు. ఎవరికీ రాదు. అది జత ధర."

రాజారత్నం తల ఎత్తాడు.

"జతా?" అన్నాడు ఇమ్మానుయేల్.

"ఒంటెద్దుకు ఒక ధర, జతకు ఒక ధర గదా. ఆయమ్మ వచ్చి కూసుంటానే అడిగింది. సార్, రెండు బండ్లు ఒకే బేరంలో తీసుకుంటే జత ధర ఇస్తారా అని. కొనేవాళ్ళు ఇద్దరు, జతెట్లవుతాది అన్నా నేను. అమ్మేవాడు ఒకడైతే జతే సార్, మా నాయన సెప్పినాడు అనింది. నాకు మాట దొరకలా. నవ్వి ఇచ్చేసినా."

రాజారత్నం కళ్ళు మూసుకుని తెరిచాడు. "నవంబరులో అడిగింది. నాయనా, కొనేవాళ్ళు ఇద్దరైనా జత కట్టొచ్చా అని. నేను ఎవరో ఆవుల సంగతి అనుకున్యా."

"ఆ సారుది ఒకటి. ఆయన డబ్బు కట్టి ఆ పొద్దే తోలుకొని పోయినాడు. రెండోది అడ్వాన్సు మీద ఉండాది" అన్నాడు సుబ్రమణ్యం.

"రెండోది ఎవరిది?"

"వాళ్ళాయనకంట."

ఇమ్మానుయేల్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆయమ్మకు పీఎఫ్ లోను రావాలంట. మార్చి ఆఖరు దాకా టైమడిగింది. ఈస్టరు పొద్దున చర్చి నుంచి వచ్చినాక తాళం ఆయన చేతిలో పెట్టాలంట. అందాకా ఆయనకు తెలియకూడదు, ఎవరన్నా అడిగినా ధర చెప్పబాకండి అని నాచేతా ఒట్టేయించింది, ఆ తోపులాయన చేతా ఒట్టేయించింది. చీర గార్డు రెండు బండ్లకూ ఊరికే పెట్టమనింది. ఆయన నాకెందుకమ్మా, నాకు పెండ్లే కాలేదన్నాడు. ఉండనీ సార్, జత బేరంలో రెండెద్దులకూ ఒకే సొమ్ములు అనింది. నేను నవ్వలేక సచ్చినా."

షోరూంలో ఎవరో బండి హారను నొక్కి చూశారు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

ఇమ్మానుయేల్ కూర్చున్నాడు. అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. నాలుగు గోళ్ళ గుర్తులు ఉన్నాయి. జేబులోంచి రుమాలు తీశాడు. మొహం తుడుచుకుని అలాగే చాలాసేపు పెట్టుకున్నాడు.

"ఏమైంది సార్?" అన్నాడు సుబ్రమణ్యం.

"ఆయప్పే మొగుడు" అన్నాడు రాజారత్నం.

సుబ్రమణ్యం కుర్చీలోంచి లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఇమ్మానుయేల్ భుజం మీద చరిచాడు. "సార్! ముందే సెప్పకూడదా! ఒట్టు నాచేతనే తప్పించేసినారే. అయితే ఇంకేముండాది, ఆ బండి మీదే. పెద్దాయనా, ఈ నలభై మూడున్నర ఎట్లా?"

"దులిపిన తువ్వాల మళ్ళా పరవను" అన్నాడు రాజారత్నం. తువ్వాల భుజం మీద సర్దుకున్నాడు. "కానీ పాత బేరం ముందుది. ఒకే ఎద్దుకు రెండు బేరాలు నడిస్తే ముందు మూసిన పిడికిలి నిలుస్తాది. సంతలో అదే న్యాయం. నా కూతురు ముందు మూసింది."

"అంతే గదా! అదే న్యాయం!"

ఇమ్మానుయేల్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపలి జేబులోంచి లోను కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "మిగతా డబ్బు దీంతో కట్టేస్తా. ఈ పొద్దే తీసుకొని పోతా. ఆమె సబ్‌సెంటరుకే పోతా. సాయంత్రం డ్యూటీ దిగేసరికి గేటు ముందర ఉంటా." ఈసారి గొంతు లేవలేదు. "మామా, నువ్వు బస్సులో రాగలవా?"

"నడిచి గూడా వస్తా పో."

సుబ్రమణ్యం నవ్వుతూ చెయ్యి చాపాడు. "జ్ఞానాంబా, ఆ ఫారం ఇట్లా తే. కె. ఇమ్మానుయేల్, పుత్తూరు డిపో."

జ్ఞానాంబ లేవలేదు. ఎస్తేరమ్మ పేరు వినబడినప్పటి నుంచి ఆమె కలం కదల్లేదు.

"ఏంది?"

"నిన్న మీరు మద్రాసులో ఉండారు సార్" అంది. "వచ్చినాక చెప్దామనుకున్నా. పొద్దున్నించీ జనం."

"చెప్పు."

ఆమె లేచింది. బీరువాలో బుకింగులుండే పైఅర కాక, కింది అర తెరిచింది. పసుపు అట్ట ఫైలు ఒకటి తీసి, యజమానికి ఇవ్వకుండా, తీసుకొచ్చి ఇమ్మానుయేల్ ముందు పెట్టింది. తన చోటికి పోయి కూర్చుంది.

ఇమ్మానుయేల్ ఫైలు తెరిచాడు. రాజారత్నం పక్కకు వంగాడు. ఆయనకు చదువు రాదు. అల్లుడి మొహం చూశాడు.

ఫారం మీద పేరు కె. ఇమ్మానుయేల్. ఉద్యోగం మెకానిక్, బస్సు డిపో, పుత్తూరు. రంగు నలుపు. ధర నలభై ఒక్క వేల అయిదు వందలు. ఇతర సామాన్లు అన్న చోట, చీర గార్డు ఒకటి. అదంతా ఎస్తేరు రాత.

ఆ రాత మీద ఎర్ర ఇంకుతో రెండు అడ్డగీతలు ఉన్నాయి. కింద ఇంకో కాగితం కుట్టి ఉంది. బుకింగు రద్దు. అడ్వాన్సు మూడు వేలు వాపసు ముట్టింది. కారణం అన్న గడిలో రెండు మాటలున్నాయి. "అవసరం లేదు." దాని కింద ఎస్తేరు సంతకం. తేదీ ఫిబ్రవరి 16, బుధవారం. సమయం ఉదయం పదకొండూ ఇరవై.